పైపు రాళ్ల నడుమ

హజరత్ వలి పనిలో సగం నడక, సగం దాపరికం. నడిచినందుకు రైల్వేవాళ్లు జీతమిచ్చేవాళ్లు. దాపరికం మాత్రం ఎవరూ చెప్పకుండానే ఆయన తలకెత్తుకున్నాడు.

యాడికి ఊరికి అవతల ఏటి ఒడ్డున ఒక పంపుషెడ్డు ఉంది. అక్కణ్ణించి రైలుస్టేషను దాకా భూమిలో లావుపాటి ఇనుప పైపు పోతుంది. పొగబండ్ల ఇంజన్లు తాగే నీళ్లన్నీ ఆ పైపులోనే రావాలి. దానికి ఆ పక్కా ఈ పక్కా వరసగా రాళ్లు పాతారు. ఆ రెండు వరసల నడుమ ఎవరూ గడ్డపార దించకుండా చూసుకోవడం వలి ఉద్యోగం. పనిలో చేర్చుకున్న రోజున అప్పటి ఇన్స్పెక్టరు ఒక్క మాట చెప్పాడు. "ఈ రాళ్ల నడుమ తవ్వాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి. మా మనిషి వచ్చి, చూసి, సరే అన్నాకే తవ్వాలి. కాదని తవ్వితే తవ్వినవాడూ జైలుకే, చూస్తూ ఊరుకున్నవాడూ జైలుకే." చిన్నప్పుడు మసీదులో సూరాలు ఎలా నేర్చాడో ఈ మాటనూ వలి అలాగే కంఠతా పట్టాడు. అర్థం అడగలేదు. దీని తర్వాత ఇంకేమైనా ఉందా అనీ అడగలేదు.

అది ఉత్త బెదిరింపు కూడా కాదు. వెనకటి కరువులో పొరుగూరి వాళ్లిద్దరు దప్పికకు తాళలేక పైపుకు బెజ్జం కొట్టారు. పోలీసులు వచ్చి ఊళ్లో మగవాళ్లందర్నీ లారీలో ఎక్కించుకుపోయారు. బెజ్జం కొట్టిన ఇద్దరిలో ఒకడు తిరిగొచ్చాడు గానీ మళ్లీ మట్టిపని చెయ్యలేకపోయాడు. రెండోవాడి సంగతి ఆ ఊళ్లో ఎవరూ ఎత్తరు. అప్పట్నించీ చుట్టుపక్కల పల్లెల్లో ఆ రాళ్లను చూస్తే మేకలు కాసేవాళ్లు కూడా పక్కకు తప్పుకుని పోతారు.

ఇక దాపరికం సంగతి. గుండ్లపల్లె దగ్గర, వంక పక్కన, పైపు అతుకు ఒకటి కారుతోంది. జనపనార కుక్కి, సీసం కరిగించి పోసి బిగించిన అతుకు అది. ఎప్పుడు వదులైందో తెలియదు. రెండేళ్లుగా వానలు మొహం చాటేసి, నేలంతా పేలాలు వేయించే మంగలంలా ఉన్న ఎండల్లో, రాళ్ల నడుమ చాటంత మేర గడ్డి పచ్చగా మొలిచింది. వలి చూడగానే పసిగట్టాడు. వెంటనే స్టేషనులో చెప్పాలి. చెబితే మనుషులొచ్చి అతుకు బిగిస్తారు.

ఆయన చెప్పలేదు. ఆ అతుక్కు పట్టుమని అయిదు బారల దూరం కూడా లేదు ఊరి బావి. చుట్టుపక్కల బావులన్నీ అడుగంటి, బిందె దించితే రాయి మోగుతుంటే, ఈ ఒక్క బావిలో తెల్లారేసరికి నాలుగు వేళ్ల లోతు నీళ్లు ఊరుతున్నాయి. ఊరంతా ఆ నాలుగు వేళ్ల నీళ్ల మీదే బతుకుతోంది. వలి భార్య మస్తానాబీ కూడా అక్కడే బిందె పట్టుకుని కూర్చుంటుంది. అందుకని వలి రోజూ పొద్దున్నే ఆ పచ్చికను పిడికిట పట్టి పీకి, పైన ఎండుమన్ను చల్లి, ఏమీ ఎరగనట్టు కట్టెతో నేల పొడుచుకుంటూ ముందుకు పోయేవాడు. పీకిన గడ్డి ఇంటికి తెచ్చి మేకకు వేసేవాడు. ఆ ఊళ్లో పచ్చగడ్డి ఎరిగిన మేక అదొక్కటే.

వలి కాక ఈ సంగతి తెలిసినవాడు లింగప్ప ఒక్కడు. బావులు తవ్వడం, పూడిక తియ్యడం అతని పని. అతని భార్య మారెక్కదీ వలిదీ నల్లమాడ పక్కన ఒకే పల్లె. ఆ వరసన మారెక్క వలిని అన్నా అంటుంది, లింగప్ప బావా అంటాడు. పండగపూట సేమ్యా గిన్నె అటు పోతుంది, బెల్లంముద్ద ఇటు వస్తుంది.

ఆ వేసవి ముదిరాక బావిలో ఊట నాలుగు వేళ్ల నుంచి రెండు వేళ్లకు పడిపోయింది. ఒకరోజు లింగప్ప బావి గట్టున కూర్చుని బీడీ ముట్టించి, గొంతు తగ్గించి అన్నాడు.

"బావా, నీ పైపు చెమట పోస్తాండేది నాకు తెల్సులే."

వలి ఉలిక్కిపడి చుట్టూ చూశాడు.

"యాల అట్ల సూస్తావు? నేనెవురికి చెప్తా? బావి అడుగు నుంచి తడి వచ్చే తట్టుకు సొరంగం తీస్తాండా. పైకి ఏటవాలుగా పోతే ఆ తడి సక్కంగా బావిలోకి దిగుతాది."

"రాళ్ల కిందికి రావద్దప్పా."

"పైన తవ్వితే గదా నీ రూలు. కిందనించి వస్తే ఎవురికి తెలుస్తాది?"

లింగప్ప నవ్వాడు. వలి కూడా నవ్వాడు. వద్దని రెండోసారి అనలేదు.

సొరంగం పని మొదలైన నాలుగైదు రోజులకు, పొద్దు బారెడు ఎక్కిన వేళ, వలి రాళ్లకు సున్నం కొడుతున్నాడు. ఈతమట్టతో చేసిన కుంచె ముంచి రాయి మీద రాస్తుండగా పాదాల కింద నేల ఒక్కసారి అదిరింది. వెనక్కు తిరిగి చూస్తే బావి నోట్లోంచి ఎర్రటి దుమ్ము లేస్తోంది. ఆ వెనకే తిప్పన్న అరుపు. తిప్పన్న లింగప్ప తమ్ముడు. పైన నిలబడి మట్టిగంపలు లాగుతున్నవాడు, చేతిలో తెగిన మోకు పట్టుకుని గట్టు చుట్టూ పిచ్చివాడిలా పరుగెత్తుతున్నాడు.

"అన్న లోపలుండాడు! సొరంగంలో ఉండాడు! బావి గోడ కూలె!"

వలి కుంచె అక్కడే పడేసి ఉరికాడు. బావి సగానికి పైగా పూడిపోయింది. చూస్తుండగానే ఇంకో పెళ్ల విరిగి లోపల పడింది. దిగబోయిన వాళ్లను పక్కవాళ్లు వెనక్కి లాగారు. అటునుంచి దిగితే దిగినవాళ్ల మీదే మన్ను పడుతుందని చూసినవాళ్లందరికీ అర్థమైంది. ఆడవాళ్లు గుండెలు బాదుకోవడం మొదలుపెట్టారు. అంతలో తిప్పన్న చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమన్నాడు.

ఎక్కణ్ణించో సన్నగా చప్పుడు. ఇనుము మీద ఇనుము తగిలే చప్పుడు.

తిప్పన్న నేల మీద బోర్లా పడుకుని చెవి ఆనించాడు. లేచి నాలుగడుగులు వేసి మళ్లీ పడుకున్నాడు. అలా చెవితో వెతుక్కుంటూ పోయి, సున్నపు రాళ్ల వరస దాటి, రెండు వరసల నడుమ ఆగాడు. సరిగ్గా వలి రోజూ గడ్డి పీకే చోటికి జానెడు ఇవతల.

"ఈడుండాడు. పైపు కిందనే ఉండాడు. చిన్న గడ్డపారతో పైపును కొడతాండాడు. బతికే ఉండాడురా!"

అంతవరకూ ఏడవకుండా నిలబడిన మారెక్క అక్కడికి పరుగెత్తి, మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులతో మన్ను గోకసాగింది. తిప్పన్న గడ్డపార తీసుకున్నాడు. ఎత్తాడు కూడా.

వలి వెళ్లి ఆ గడ్డపార కింద నిలబడ్డాడు.

"ఆగప్పా. ఈడ తవ్వగూడదు."

"ఏమంటివి?"

"నోటీసు లేకుండా ఈడ తవ్వగూడదు. దొరోళ్లు రావాల, సూడాల."

"ఏమప్పా, మతి పోయిందా నీకు? అన్న కిందుంటే దొరోళ్లంటావా?"

"మతి ఉండే చెప్తాండా. పైపు మీద గడ్డపార తగిలి పగిల్తే నీళ్లన్నీ యాడికి పోతాయి? వాని మీదికే గదా? లోపల్నే మునిగి చస్తాడు. పైపును ఎట్ల మోపాల్నో, నీళ్లు ఎట్ల కట్టాల్నో ఆ దొరోళ్లకే తెలుసు. నేను ఇప్పుడే స్టేషనుకు పోతా. కబురు పెట్టిస్తా."

ఎత్తిన గడ్డపార మెల్లగా కిందికి దిగింది. నీళ్ల మాట నిజమే కావచ్చునని తిప్పన్నకు తోచింది. వెనక నిలబడిన వాళ్లకు లారీ గుర్తొచ్చింది. ఎవరో ముసలాయన అన్నాడు, "వలి చెప్పేదీ సబబే. రైల్వేవాళ్లతో మనకెందుకు?" ఆ మాట పట్టుకుని ఇంకో ఇద్దరు తలూపారు. రాళ్లకు ఇవతల నుంచి, రైల్వేది కాని నేలలో గుంత తీసి, అక్కణ్ణించి పక్కకు సొరంగం పెడదామని తీర్మానమైంది. మారెక్క మాత్రం లేవలేదు.

"అన్నా, సప్పుడు ఇనపడతాంది గదన్నా."

"నాకూ ఇనపడతాంది మారెక్కా. దొరను పిల్చుకొస్తా. నీ పెనిమిటికి ఏం గాదు."

ఇద్దరు ఆడవాళ్లు ఆమె రెక్కలు పట్టి లేపారు. ఆమె గోళ్లలో ఎర్రమన్ను ఉంది.

స్టేషను దారి పైపు వెంబడే. వలి కాళ్లు పరిచయమైన దారిన వాటంతటవే పోతున్నాయి గానీ మనసు ఒకచోట నిలవలేదు. పైపు పగిలితే లింగప్ప మునుగుతాడన్న భయం నిజమైనదే, అబద్ధం కాదు. జైలు భయమూ నిజమే. వాటి అడుగున ఇంకో భయం ఉంది. అక్కడ మన్ను తీస్తే కారుతున్న అతుకు బయటపడుతుంది. రెండేళ్లుగా కారుతున్నదని చూసినవాడెవడైనా చెప్పగలడు. అప్పుడు, నువ్వు రోజూ ఈ దారినే కదా నడిచావు అని అడుగుతారు. తిప్పన్న గడ్డపార ఎత్తినప్పుడు తనను తోసింది ఈ మూడింట్లో ఏది? వలి తనను తాను రెండుసార్లు అడిగి, మూడోసారి అడక్కుండా నడక పెంచాడు.

స్టేషనుమాస్టరు అన్నం తింటున్నవాడల్లా చెయ్యి కడుక్కుని లేచి వచ్చాడు. చెడ్డమనిషి కాదు. తంతి మీద పైవాళ్లకు కబురు కొట్టాడు, జవాబు కోసం వలితోపాటు తనూ నిలబడ్డాడు.

"ఇన్స్పెక్టరు గారు లైను మీద ఉన్నారట. రేపు పొద్దుటికి వస్తారు."

"రేపా సామీ? మనిషి మన్నులో ఉండాడు."

"నేనేం చెయ్యనయ్యా? పైపు నా కింద లేదు. తవ్వమని నేను చెప్పి, రేపు పైపు పగిలి బండ్లు ఆగిపోతే? నీ పని నువ్వు చేశావు. ఆయన వచ్చేదాకా ఎవర్నీ ముట్టనివ్వకు."

తిరిగి వచ్చే దారిలో ఒకచోట పైపు వంకను దాటడానికి భూమిలోంచి బయటికి వచ్చి, రాతికట్టల మీదుగా అవతలికి పోతుంది. వలి అక్కడ ఆగాడు. ఎండకు ఇనుము కాలిపోతోంది. తలగుడ్డ విప్పి మడిచి పైపు మీద వేసి చెవి ఆనించాడు.

టంగ్. కొంచెంసేపు ఏమీ లేదు. మళ్లీ టంగ్.

అంత దూరానికీ వినిపిస్తోంది. లోపల నీళ్లు పోయే గరగరలో లింగప్ప దెబ్బ ఒక్కొక్కటే తేటగా తేలుతోంది. ఒక చెయ్యి మాత్రం ఆడుతున్నట్టుంది. దెబ్బకూ దెబ్బకూ నడుమ మనిషి ఊపిరి తీసుకునేంత జాగా ఉంది. వలి తనకు తెలియకుండానే చేతికట్టె ఎత్తి పైపు మీద ఒక దెబ్బ కొట్టాడు. అవతల చప్పుడు ఆగింది. తర్వాత వరసగా, ఆత్రంగా, ఒకదాని మీదొకటి దెబ్బలు వచ్చాయి. పైనున్నవాళ్లు విన్నారని, వస్తున్నారని లింగప్ప అనుకున్నాడు. వలి చెవి తీసేసి, తలగుడ్డ కట్టుకోవడం కూడా మరిచి ఊరివైపు పరుగెత్తాడు.

ఊరివాళ్లు రాళ్లకు ఇవతల గుంత మొదలుపెట్టారు. పైన మూరెడు మన్ను, ఆ కింద గరుసు, గరుసు కింద బండ. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచి పిడికెడు పొట్టు రాలుతోంది. మనుషులు వంతులవారీగా దిగి, అరచేతులు బొబ్బలెక్కి పైకి వస్తున్నారు. తాగడానికి నీళ్లు లేవు. ఉన్న ఒక్క బావి లింగప్పతోపాటు పూడిపోయింది. మస్తానాబీ ఇంట్లో దాచుకున్న సగం బిందె తెచ్చి, తవ్వేవాళ్లకు తలా ఒక గుక్క పోసింది. మొగుడి వంక చూడలేదు.

"ఏమన్నారు?" గుంతలోంచి అడిగాడు తిప్పన్న.

"రేపు పొద్దున వస్తారంట."

తిప్పన్న బండ మీద గడ్డపార వేశాడు. వలి కూడా చొక్కా విప్పి గుంతలోకి దిగాడు. ఆ సాయంత్రం, ఆ రాత్రి అందరికంటే ఎక్కువ వంతులు తవ్వింది వలే. దెబ్బ వేసినప్పుడల్లా బండ చేతిని వెనక్కి తన్నేది. రాళ్లకు అవతల, ఎవరూ ముట్టని నేల మీద, మారెక్క మాత్రం చెవి ఆనించి పడుకుని ఉంది. మధ్యమధ్య "కొడతాండాడు" అని గట్టిగా చెప్పేది. అది విని గుంతలోవాళ్లు ఇంకో పది దెబ్బలు వేసేవాళ్లు. కోడి కూసే వేళకు ఆమె గొంతు తగ్గింది. తెల్లగా తెల్లవారాక ఎవరో అడిగారు.

"మారెక్కా, కొడతాండాడా?"

ఆమె చెవి మార్చి పడుకుంది. ఇంకోసారి మార్చింది. గుంతలో గడ్డపారల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది.

ఇన్స్పెక్టరు ట్రాలీ మీద స్టేషనుకు వచ్చి, అక్కణ్ణించి గ్యాంగు మనుషుల్ని నలుగుర్ని వెంటబెట్టుకుని, ఎండ ఇంకా ముదరకముందే చెమటలు కక్కుతూ వచ్చాడు. కోస్తా జిల్లాల మనిషి, వయసులో చిన్నవాడు. వస్తూనే రాళ్లకు ఇవతల తీసిన గుంతను చూసి నివ్వెరపోయాడు.

"మనిషి ఎక్కడున్నాడు?"

"పైపు కింద సామీ," అన్నాడు తిప్పన్న.

"మరి ఇక్కడ బండ కొడుతున్నారేమిటి? పైపు దగ్గర ఎందుకు తవ్వలేదు?"

వలి ముందుకొచ్చి సలాం చేశాడు.

"నోటీసు లేకుండా తవ్వగూడదు గదా దొరా. స్టేషనుకు పోయి నిన్ననే చెప్పినా. మీ కోసరం సూస్తాండాం."

ఇన్స్పెక్టరు వలి వంక వింతగా చూశాడు. కోపం రాలేదు, కోపం వచ్చినా బాగుండేది.

"ప్రాణం మీదికి వచ్చినప్పుడు నోటీసేమిటయ్యా? మనిషి ప్రాణానికి అపాయమైతే ముందు తవ్వాలి, తవ్వుతూ మాకు కబురు చెయ్యాలి. అదీ రూల్లోనే ఉంది. పంపుషెడ్డు వాడికి చెబితే నీళ్లు ఆపేస్తాడు. నీకెవరూ చెప్పలేదా?"

"లేదు దొరా."

"ఇన్నేళ్ల నుంచి చేస్తున్నావు కదా?"

"ముందరి దొర తవ్వగూడదని ఒక్కటే చెప్పినాడు."

ఇన్స్పెక్టరు ఒక మనిషిని పంపుషెడ్డుకు పరుగెత్తించాడు. బూట్లు విప్పి, ప్యాంటు పైకి మడిచి తనే ముందు రాళ్ల వరస దాటాడు. ఆయన వెనక ఊరంతా దాటింది.

ఆ నేల ఎంత మెత్తగా ఉందో చెబితే నమ్మరు. పైపు వేసినప్పుడు ఒకసారి తవ్వి పూడ్చిన మన్ను అది. అడుగున నెమ్ము కూడా ఉంది. గడ్డపార అవసరమే రాలేదు. పారతో తీస్తుంటే పెరుగులో గరిటె దిగినట్టు దిగింది. ఛాతీలోతుకు పోయేసరికి పైపు కనిపించింది. గ్యాంగువాళ్లు తాము మోసుకొచ్చిన, పట్టాల కింద వేసే స్లీపరు దిమ్మెలు రెండు దాని కింద మోపి నిలబెట్టారు. రాత్రంతా బండ కొట్టి రక్తం కారిన చేతులతో తిప్పన్న ఆ మెత్తటి మన్ను ఎత్తి పోస్తూ, ఏడుపో నవ్వో తెలియని చప్పుడొకటి చేస్తున్నాడు. తెమ్మన్న నులకమంచం ఇంకా ఊళ్లోంచి రాకముందే లింగప్ప చెయ్యి కనిపించింది.

నడుము దాకా మన్నులో కూరుకుపోయి, ఎడమచెయ్యి ఒంటికి నొక్కుకుపోయి, కుడిచెయ్యి ఒక్కటే పైకి ఉంది. చిన్న గడ్డపార ఆ పిడికిట్లోనే ఉంది. బయటికి తీసి పడుకోబెట్టినప్పుడు ఆ చెయ్యి ఇంకా కొయ్యబారలేదు. తిప్పన్న వేళ్లు తెరిస్తే సులువుగా తెరుచుకున్నాయి. అందరికీ తెలిసిపోయింది. నిన్న పొద్దున కాదు, నిన్న సాయంత్రం కూడా కాదు. ఈ తెల్లవారుజామునే.

మారెక్క భర్త తల ఒళ్లో పెట్టుకుని, నోట్లో మన్ను చీరకొంగుతో తుడిచింది. తుడిచిన కొద్దీ వచ్చింది.

వలి పైపు మీద చెయ్యి ఆనించి గుంతలోనే నిలబడిపోయాడు. కారే అతుకు గుంత అంచుకు అవతల, మన్నులోనే ఉంది. పంపు ఆగి ఉండటంతో చుక్క రాలడం లేదు. గోడ మాత్రం నల్లగా తడిసి ఉంది. ఇన్స్పెక్టరు ఆ గోడ వంక చూడలేదు, మనిషి వంక చూస్తున్నాడు. ఆ క్షణంలో కూడా తన కళ్లు ముందు ఆ తడిగోడ మీదికే పోయాయని వలికి తెలుసు. తన మీద తనకు అంత అసహ్యం ఎన్నడూ కలగలేదు.

ఇన్స్పెక్టరు పోయేముందు కానుగచెట్టు కింద నిలబడి ఊరివాళ్లను పిలిచాడు. చావు జరిగింది కాబట్టి ఆయన పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి.

"నిన్న మీరు తవ్వబోతే ఎవరైనా ఆపారా? భయపడకుండా చెప్పండి. రూలు తెలియక ఆపి ఉన్నా సరే, అలాంటివాడు ఈ పనికి పనికిరాడు. ఈ పూటే తీసేస్తాను."

వలి రెండడుగులు ముందుకు వేశాడు. చెప్పేద్దామనే వేశాడు. తీసేస్తే పీడా పోతుందని, జైల్లో పెడితే మరీ మంచిదని ఆ క్షణంలో ఆయనకు నిజంగానే అనిపించింది. నోరు తెరిచేలోపు మారెక్క మాట వినిపించింది. శవం దగ్గరనుంచి లేవకుండా, తల కూడా ఎత్తకుండా చెప్పింది.

"ఎవురూ ఆపలేదు సామీ. మాకే భయమాయ."

"నిజమేనా?"

"నిజమే. వలన్న స్టేషనుకు ఉరికినాడు. మేమే రాళ్లు దాటలేదు."

ఇన్స్పెక్టరు ఒక్కొక్కరి మొహమే చూశాడు. తిప్పన్న పళ్లు బిగించి నేల చూశాడు. కాదనలేదు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషే అలా అంటే ఇంక ఎవరేం అంటారు? ఊరు ఊరంతా తలూపింది. ఇన్స్పెక్టరు నిట్టూర్చి బూట్లు తొడుక్కున్నాడు. పైపు కింద దిమ్మెలు అలాగే ఉంచి, రేపటికల్లా గుంత పూడ్చేయించమని వలికి చెప్పి వెళ్లిపోయాడు. సాయంత్రానికి పంపు మళ్లీ మొదలైంది. స్టేషనులో ఇంజను నీళ్లు పట్టుకుని కూత వేసి పోయింది.

మర్నాడు పొద్దున లింగప్పను పూడ్చి వచ్చారు. వలి అందరికీ వెనక, దూరంగా నడిచాడు. మన్ను వెయ్యడానికి ముందుకు పోలేదు, ఎవరూ రమ్మనలేదు. ఇంటికొస్తే మస్తానాబీ పొయ్యి ముట్టించలేదు.

"నీళ్లు లేవు," అంది. "రెండు దినాలాయ, ఊర్లో ఎవురింట్లోనూ లేవు. ఏటికి పోయినోళ్లు ఇంకా రాలేదు."

వలి పార భుజాన వేసుకుని పైపు దగ్గరికి పోయాడు. గుంత పూడ్చాలి. దొర చెప్పాడు.

గుంతలో నీళ్లున్నాయి.

మోకాలి లోతు ఉంటాయి. మన్ను అడుక్కు పేరుకుని పైన తేటగా ఉన్నాయి. తడిగోడ లోంచి చిటికెన వేలంత ధార జారుతోంది. ఇంతకుముందు కారింది చెమట, ఇప్పుడిది ఊట. ఒక పగలూ ఒక రాత్రీ లింగప్ప కొట్టిన దెబ్బలకు అతుకులో సీసం ఇంకొంచెం వదిలింది. వలి పార ఆనించుకుని ఆ ధారను చూస్తూ ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలియదు.

వెనక అడుగుల చప్పుడైంది. మారెక్క. చంకలో కడవ ఉంది. చావు జరిగిన ఇంటి ఆడమనిషి, అందులోనూ మూడోనాడైనా గడవకముందు, గడప దాటి కడవ ఎత్తడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. ఆమె వెనక చాలా దూరంలో, వంక గట్టున, ఊరి ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు. మనిషి పోయిన చోట ఊరిన నీళ్లను, ఆ మనిషి ఇంటివాళ్లు మొదటి కడవ ముంచితే గానీ మిగతావాళ్లు ముట్టరు. అందుకని నిన్న రాత్రి నుంచీ నీళ్లున్నాయని తెలిసీ, పిల్లలు నాలుకలు బయటపెడుతున్నా, ఒక్కరూ దగ్గరికి రాలేదు. ఆమెను అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆమె తనంతట తనే వచ్చింది.

"పూడుస్తాండావా అన్నా?"

"దొర చెప్పిపోయినాడు మారెక్కా."

"నిన్న నేను దొరతో ఏం చెప్పితినో వింటివి గదా."

"వింటి. యాల అట్ల చెప్పితివి? నేనే గదా ఆపింది. నన్ను పోనీకుండా..."

"నీ మీద జాలితో చెప్పినా అనుకుంటివా?" ఆమె కడవ కింద పెట్టింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది, మాట మాత్రం తడబడలేదు. "నా పెనిమిటి కొట్టే సప్పుడు నాకూ ఇనపడె, నీకూ ఇనపడె. నేను గోళ్లతో తవ్వుతాంటే నువ్వు అడ్డం నిలబడితివి. నేను సచ్చేదాకా అది మర్సిపోను. రూలు తెలీదంటివి. తెలీదేమో. ఆ తడి బయటపడతాదని భయపడితివో లేదో, అది నీకూ అల్లాకూ తెలియాల. నేను అడగను."

వలి పారకు అంటిన మన్నును బొటనవేలితో రాల్చాడు.

"నిన్ను తీసేస్తే ఇంగొగడు వస్తాడు. వాడు నల్లమాడ తట్టు వాడు గాదు, నన్ను ఎరగడు, ఈ ఊరిని ఎరగడు. వచ్చిన దినమే ఈ నీళ్లు సూసి స్టేషనులో చెప్తాడు. అతుకు బిగించి పోతారు. నా బిడ్డలు ఏం తాగాల? అందుకు చెప్పినా. నాకు నువ్వు గావాల్సింది ఈ నీళ్ల కోసరం. అంతే."

ఆమె చీర మోకాళ్ల పైకి దోపుకుని, పైపు పట్టుకుని గుంతలోకి దిగింది. మొన్న తన మొగుడు కూరుకుపోయిన చోటే నిలబడింది. కడవ వంచింది. బుడబుడమని నిండింది. నిండిన కడవను ఎత్తి గట్టు మీద పెట్టి, పైకి ఎక్కి, దోసిలి పట్టమన్నట్టు చేతులతో చూపింది.

"నాకొద్దు మారెక్కా."

"పట్టు. నువ్వు తాగి, నేను పూడ్చను అని అనాల. అందరూ సూస్తాండారు."

గట్టు మీద బిందెల వాళ్లు కదలకుండా చూస్తున్నారు. అక్కడే మస్తానాబీ కూడా ఉంది. వలి పార కింద పెట్టి, వంగి, దోసిలి పట్టాడు. మారెక్క కడవ వంచి పోసింది. సగం నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారిపోయాయి. మిగిలినవి నోటికి పెట్టుకున్నాడు.

నీళ్లు చల్లగా ఉన్నాయి. రెండు రోజుల నుంచి ఎండిపోయిన గొంతు, మనసును అడక్కుండానే, ఆ నీళ్లను గటగట లాగేసింది. ఎంత తియ్యగా ఉన్నాయంటే, తాగుతున్నవాడికి సిగ్గేసింది. దోసిలి తియ్యబోయాడు గానీ చేతులు వినలేదు. మళ్లీ పట్టాయి. మారెక్క మళ్లీ పోసింది.

"పూడ్చను," అన్నాడు.

ఆమె కడవ నెత్తికెత్తుకుని, వెనక్కి చూడకుండా నడిచింది. వంక గట్టు మీద ఆడవాళ్లు ఒక్కొక్కరే బిందెలు ఎత్తుకుని కిందికి దిగడం మొదలుపెట్టారు.